హేడ్రియన్ గోడ పరిసరాల్లో తేలికపాటి నడకలు

హేడ్రియన్ గోడ ఉత్తర ఇంగ్లండులో రోమన్లు కట్టిన సరిహద్దు కట్టడం. తూర్పున టైన్ నది ఒడ్డునున్న వాల్‌సెండ్ దగ్గర మొదలై, పడమట సాల్వే తీరంలోని బోనెస్ అనే ఊళ్లో ముగుస్తుంది. పొడవు సుమారు 117 కిలోమీటర్లు, రోమన్ల కొలతలో 80 మైళ్లు. హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 122లో బ్రిటన్‌కు వచ్చాడు. గోడ పని ఆ రోజుల్లోనే మొదలైంది. 1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2003లో గోడ వెంబడి 135 కిలోమీటర్ల జాతీయ కాలిబాటను తెరిచారు.

బాట మొత్తం నడవాలంటే దాదాపు వారం రోజులు కావాలి. అంత తీరిక లేనివారికి, పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవారికి గంట నుంచి మూడు గంటల్లో ముగిసే నడకలు గోడ పొడవునా ఉన్నాయి. పోస్టర్ల మీద కనిపించే గోడ మధ్యభాగంలోని నల్లరాతి కొండచరియల మీదిది. అక్కడ ఎక్కడం దిగడం ఎక్కువ. చూడ్డానికి గొప్పగా ఉన్నా, ఆ చరియలు గోడ కథలో సగమే చెబుతాయి. రోమన్లు నదిని ఎలా దాటారు, సైనికులు ఎక్కడ స్నానం చేశారు, ఏ దేవుణ్ని మొక్కారు, ఇంటికి ఏం రాశారు అన్నవి తెలిసేది కింద లోయల్లో, గొర్రెలు మేసే పొలాల్లో సాగే తేలికైన బాటల మీదనే.

గోడ నిర్మాణం

బాట మీద ఎదురయ్యే గుర్తులు పోల్చుకోవడానికి గోడ నమూనా కొంత తెలిసి ఉండాలి. తూర్పు నుంచి ఇర్తింగ్ నది వరకు రాతితో, నదికి పడమట మొదట పచ్చిక గడ్డలతో కట్టారు. తరువాత ఆ గడ్డల గోడ స్థానంలోనూ రాతిగోడ లేచింది. రోమన్ మైలుకు ఒకటి చొప్పున చిన్న కోటలు, రెండు కోటల నడుమ రెండేసి కావలి బురుజులు ఉండేవి. ఈ చిన్న కోటలను మైలు కోటలంటారు. గోడకు ఉత్తరాన కందకం తవ్వారు. దక్షిణాన ‘వాలమ్’ అనే చదునైన అడుగు గల మరో పెద్ద కందకం, దానికి అటూ ఇటూ మట్టిగట్లు ఏర్పరిచారు. గోడరాళ్లు ఒక్కటీ మిగలని చోట కూడా ఈ మట్టిగట్ల ఒంపులు పొలాల్లో స్పష్టంగా తెలుస్తాయి. సాయంత్రపు ఏటవాలు వెలుగులో ఇవి ఇంకా బాగా కనబడతాయి.

మొదట గోడను పది రోమన్ అడుగుల వెడల్పున తలపెట్టి పునాదులు వేశారు. పని సగంలో ఉండగా వెడల్పు తగ్గించారు. అందుకే చాలాచోట్ల వెడల్పైన పునాది మీద సన్నని గోడ నిలిచి ఉంటుంది. నిర్మాణం మూడు లెజియన్ల సైనికుల చేతి పని. కావలి కాసినవారు మాత్రం సామ్రాజ్యం నలుమూలల నుంచీ వచ్చిన సహాయక దళాలవారు.

గిల్స్‌లండ్ నుంచి బర్డోస్వాల్డ్

తేలిక నడకల్లో మొదటి స్థానం దీనిది. ఒకవైపు దూరం సుమారు రెండున్నర కిలోమీటర్లు. మైలు కోట, కావలి బురుజులు, వంతెన పునాది, పెద్ద కోట, తెగని గోడ ఇంత తక్కువ దూరంలో వరుసగా కనిపించే చోటు గోడ మొత్తంలో ఇంకొకటి లేదు. సమయం ఒక్క నడకకే ఉన్నవారు దీన్నే ఎంచుకోవాలి.

గిల్స్‌లండ్ ఊరి అంచున, రైలుకట్ట పక్కనే పోల్‌ట్రాస్ వాగు మైలు కోట ఉంది. లోపల సైనికులు పడుకునే గదుల పునాదులతో పాటు, ఒక మూల పైకి వెళ్లే మెట్లలో అడుగు భాగపు మెట్లు కొన్ని మిగిలాయి. ఆ మెట్ల వాలును పైకి పొడిగించి లెక్కకట్టే గోడ ఎత్తును అంచనా వేశారు. అక్కడి నుంచి బాట పొలాల మీదుగా విల్లోఫోర్డ్ వైపు దిగుతుంది. వెడల్పు పునాది మీద సన్నని గోడ నిలబడిన తీరు ఈ దారిలో బాగా తెలుస్తుంది.

విల్లోఫోర్డ్ దగ్గర ఇర్తింగ్ నది మీద రోమన్లు వంతెన కట్టారు. ఆ వంతెన తూర్పు పునాది ఇప్పుడు గడ్డినేల మధ్యన ఒంటరిగా ఉంది. గడచిన శతాబ్దాల్లో నది పడమటికి జరిగిపోవడమే దీనికి కారణం. పాత నది ఎక్కడ పారిందో, ఇప్పుడు ఎక్కడ పారుతోందో ఒకేచోట నిలబడి చూడవచ్చు. కొత్త కాలినడక వంతెన దాటాక ఈ దారిలో చెప్పుకోదగ్గ ఎక్కుడు ఒక్కటే వస్తుంది. దాని పైన హారోస్ స్కార్ మైలు కోట. అది దాటితే నేల చదును. బర్డోస్వాల్డ్ కోట దాకా గోడ తెగకుండా పక్కనే నడుస్తుంది. ఇంత పొడవున ఎడతెగకుండా మిగిలిన గోడ వేరేచోట లేదు.

బర్డోస్వాల్డ్‌ను రోమన్లు బన్నా అనేవారు. నేటి రుమేనియా ప్రాంతమైన డేసియా నుంచి వచ్చిన దళం ఇక్కడ చాలాకాలం ఉంది. వారి శాసనాల్లో ఒకదాని మీద డేసియన్ల వంకర కత్తి చెక్కి ఉంది. 1987 నుంచి 1992 వరకు టోనీ విల్మాట్ ఆధ్వర్యంలో ఇక్కడ జరిగిన తవ్వకాలు బ్రిటన్ చరిత్రలో ఒక చీకటి కాలానికి వెలుగునిచ్చాయి. క్రీ.శ. 410 ప్రాంతంలో రోమన్ పాలన పోయాక కోట పాడుపడలేదు. కూలిన ధాన్యాగారం స్థలంలో పెద్ద కొయ్య భవనాలు లేచాయి. అంటే సామ్రాజ్యం జీతాలు ఆపేసినా కోటలోని జనం అక్కడే ఉండిపోయారన్నమాట. ఆ కొయ్య స్తంభాల స్థానాలను నేడు నిలువు దుంగలతో గుర్తుపెట్టారు.

ఓపిక ఉన్నవారు పడమటికి సాగి లానర్‌కాస్ట్ మఠం చూడవచ్చు. 12వ శతాబ్దంలో స్థాపించిన ఆ మఠానికి రాళ్లు హేడ్రియన్ గోడవే. జబ్బుపడిన ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డ్ 1306-07 చలికాలం అక్కడే గడిపాడు.

విండోలాండా బాట

గోడకు దక్షిణంగా, గోడకంటే ముందే రోమన్లు వేసిన స్టేన్‌గేట్ రహదారి మీద విండోలాండా కోట ఉంది. వన్స్ బ్రూడ్ దగ్గరి సందర్శక కేంద్రం నుంచి పొలాల నడుమ సన్నని రోడ్డు మీదుగా మూడు కిలోమీటర్ల లోపే. పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. కోట సమీపంలో ఒక రోమన్ మైలురాయి, నాటిన చోటనే ఇప్పటికీ నిలబడి ఉంది.

ఇక్కడ మొదటి కోట క్రీ.శ. 85 ప్రాంతానిది. ఒకటి కూల్చి దాని మీద మరొకటి కడుతూ పోయారు. పాత అంతస్తులను మట్టితో, పచ్చికతో కప్పేయడంతో కింద గాలి చొరబడని తడినేల ఏర్పడింది. మరోచోట అయితే ఏనాడో కుళ్లిపోవలసిన కొయ్య, తోలు, గుడ్డ ఇక్కడ చెక్కుచెదరకుండా దొరుకుతున్నాయి. వేలకొద్దీ తోలు చెప్పులు దొరికాయి. వాటిలో చంటిపిల్లలవీ ఉన్నాయి. కోటలో సైనికులే కాదు, కుటుంబాలూ కాపురమున్నాయనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

1973లో రాబిన్ బర్లీ తవ్వకాల్లో పలచని కొయ్య రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు బయటపడ్డాయి. తరువాత వందలాదిగా దొరికాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆమె, కోట అధికారి భార్య సుల్పిసియా లెపిడినాను తన పుట్టినరోజు వేడుకకు పిలుస్తూ పంపిన ఉత్తరం వీటన్నిటిలో ప్రసిద్ధం. గుమాస్తా రాసిన ఉత్తరం చివర సెవెరా తన చేతిరాతతో నాలుగు మాటలు చేర్చింది. లాటిన్‌లో స్త్రీ చేతిరాతగా మనకు దక్కినవాటిలో అతి పాతవాటిలో అది ఒకటి. మేజోళ్లు, లోదుస్తులు పంపుతున్నట్టు చెప్పే ఉత్తరం మరొకటి. ఇంకో రేకు మీది పద్దులో గంబాక్స్ అనే అతని పేరున మిరియాల కింద రెండు డినారీలు రాసి ఉన్నాయి. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి ఓడలెక్కి సామ్రాజ్యం ఉత్తరపు చివరిదాకా వెళ్లినవి. ఆ వర్తకపు నాణేలు మన కృష్ణా లోయలోనూ దొరికాయి కనుక, తెలుగు పాఠకుడికి ఈ చిన్న పద్దు మీద ప్రత్యేకమైన మమకారం కలగడం సహజం.

ఏటా వేసవిలో స్వచ్ఛంద కార్యకర్తలతో తవ్వకాలు సాగుతాయి. ఆ రోజుల్లో వెళ్తే నేల కింద నుంచి వస్తువులు బయటికి రావడం దగ్గరుండి చూడవచ్చు.

చాలర్‌ఫర్డ్, చెస్టర్స్

ఉత్తర టైన్ నది ఒడ్డున చెస్టర్స్ అశ్వదళ కోట ఉంది. నేటి స్పెయిన్‌లోని అస్టూరియా ప్రాంతపు రౌతులు ఇక్కడ కాపలా ఉన్నారు. నది పక్కనున్న స్నానశాల గోడలు మనిషెత్తు దాటి నిలిచాయి. దుస్తులు మార్చుకునే గదిలో ఏడు గూళ్లు వరుసగా ఉన్నాయి. ఇక్కడి రోమన్ వంతెన తూర్పు పునాది ఎదుటి ఒడ్డున ఉంది. చాలర్‌ఫర్డ్ వంతెన దగ్గర మొదలై పాత రైలుమార్గం పక్కగా సాగే బాట మీద సుమారు 800 మీటర్లు నడిస్తే అక్కడికి చేరతాం. పూర్తిగా చదునైన దారి. పునాదిలోని పెద్ద రాళ్లను పైకెత్తడానికి వాటిలో తొలిచిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి.

చెస్టర్స్ భవనం సొంతదారు, న్యూకాజిల్ న్యాయవాది జాన్ క్లేటన్ 1834 నుంచి గోడ ఉన్న పొలాలను ఒక్కొక్కటిగా కొంటూ పోయాడు. గోడరాళ్లు రైతుల కట్టడాలకు తరలిపోకుండా ఆపాడు. ఇప్పుడు మధ్యభాగంలో చూసేదాంట్లో ఎంతో అతని వల్ల మిగిలిందే. అతనికన్నా ముందు, 1801లో, విలియం హటన్ అనే 78 ఏళ్ల పెద్దాయన బర్మింగ్‌హామ్ నుంచి కాలినడకన వచ్చి గోడ పొడవునా నడిచాడు. ప్లేన్‌ట్రీస్ దగ్గర ఒక భూస్వామి గోడను కూలగొట్టిస్తుంటే ఆపమని బతిమాలాడు. అక్కడ మిగిలిన ముక్క ఆయన వేడుకోలు వల్ల దక్కిందని చెప్పుకుంటారు. గోడ కోసం ఇంతగా తపించిన ఆ ఇద్దరి పేర్లూ నడిచేవారు తలచుకోదగ్గవి.

క్యారాబర్గ్

వాహనాలు ఆపే చోటు నుంచి పచ్చికలో కొద్ది నిమిషాలు నడిస్తే క్యారాబర్గ్ కోట పక్కన మిత్రదేవుని చిన్న గుడి ఉంది. 1949 వేసవిలో నేల ఎండిపోయినప్పుడు దాని రాళ్లు బయటపడ్డాయి. ఇప్పుడక్కడ ఉన్న బలిపీఠాలు నకళ్లు. అసలువి న్యూకాజిల్ మ్యూజియంలో ఉన్నాయి. దగ్గర్లోని కొవెంటినా దేవత బావిలో 1876లో క్లేటన్ పదమూడు వేలకు పైగా నాణేలు వెలికితీశాడు. గుడి చుట్టూ నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది.

ఇక్కడి నుంచి తూర్పుగా ఒకటిన్నర కిలోమీటరు నడిస్తే లైమ్‌స్టోన్ కార్నర్. గట్టి నల్లరాతిలో కందకం తొలవబోయి రోమన్లు పని వదిలేసిన చోటు అది. రాయిని చీల్చడానికి వేసిన మేకుల గుంటలతో బండలు అలాగే పడి ఉన్నాయి.

కొండచరియల భాగం

స్టీల్ రిగ్ నుంచి సైకమోర్ గ్యాప్ దాకా రెండు కిలోమీటర్ల దూరమే అయినా మెట్లు నిటారుగా ఉంటాయి. గోడకు దక్షిణంగా, చరియల వెనకాల సాగే రోమన్ సైనిక మార్గం పట్టుకుంటే వాలు చాలా తగ్గుతుంది. గ్యాప్‌లోని ప్రసిద్ధ సైకమోర్ చెట్టును 2023 సెప్టెంబరు 28 వేకువకు ముందు నరికేశారు. 2025లో ఇద్దరికి జైలుశిక్ష పడింది. మొద్దు మళ్లీ చిగురించింది. మోకాళ్ల నొప్పులున్నవారికి కాఫీల్డ్స్ మేలు. పాత రాతిక్వారీలో నీళ్లు నిండిన చెరువు, దానికి కొద్దిదూరంలో 42వ మైలు కోట ఉంటాయి. క్వారీ గోడను ఎక్కడ కొరికేసిందో అక్కడే తెలుస్తుంది.

పడమటి చదును

బర్గ్ బై శాండ్స్ నుంచి బోనెస్ దాకా సముద్రపు చిత్తడినేలలు. నేల పూర్తిగా చదును, గోడ మాత్రం దాదాపు కనిపించదు. దాని రాళ్లు చర్చిల్లోకి, పొలాల ఇళ్లలోకి చేరాయి. శీతాకాలంలో బాతులు, పెద్దబాతులు గుంపులుగా దిగుతాయి. పెద్ద ఆటుపోట్ల రోజుల్లో తీరపు రోడ్డు మునుగుతుంది కనుక వేళలు చూసుకునే బయల్దేరాలి. రోమన్ రాళ్లు చూడాలనుకునేవారికి ఈ భాగం నిరాశే. పక్షుల కోసం వెళ్లేవారికి ఇంతకన్నా మంచిచోటు ఈ గోడ వెంట లేదు.

ప్రయాణం, జాగ్రత్తలు

న్యూకాజిల్, కార్లైల్ పట్టణాల నడుమ రైలుమార్గం ఉంది. హెక్సమ్, హాల్ట్‌విసిల్ స్టేషన్లు గోడకు దగ్గర. గోడ మొదలైన సంవత్సరం పేరు పెట్టుకున్న ఏడీ122 బస్సు సీజన్లో ప్రధాన కోటలను కలుపుతుంది. బాటలు ఎక్కువగా రైతుల సొంత భూముల్లోనే పోతాయి. అందుకని గేటు తెరిస్తే మూయడం, గొర్రెలు ఈనే వసంతకాలంలో కుక్కలకు తాడు కట్టి ఉంచడం, దూడలతో ఉన్న ఆవులకు దూరంగా నడవడం తప్పనిసరి. వేసవిలోనూ వాన కోటు, నీళ్లు చొరబడని బూట్లు ఉండాలి.

మే నుంచి అక్టోబరు వరకు నడవడం మంచిది. చలికాలంలో నేల నాని ఉంటుంది. అప్పుడు గుంపులుగా తొక్కితే పచ్చిక చచ్చి, దాని కింద ఇంకా తవ్వని రోమన్ పొరలు బయటపడి చెడిపోతాయి. పచ్చిక మీద ఒకరి అడుగులో ఒకరు కాకుండా పక్కపక్కన నడవండి. గోడ ఎంత వెడల్పుగా ఉన్నా, ఎంత గట్టిగా కనిపించినా, దాని మీదికి ఎక్కకండి. పిల్లల్ని ఎక్కనివ్వకండి.