చెట్ల యుద్ధం

వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరి చేతిలో ఒక మొక్క. కొందరివి తెల్లటి పొడుగు అంగీలు, కొందరివి ఆకుపచ్చవి, నీలివి. డప్పులు మోగుతున్నాయి. ప్రభువు బల్ల మీద రొట్టె, ద్రాక్షారసం సిద్ధంగా ఉన్నాయి. బల్ల దగ్గరికి చేరాలంటే మాత్రం దారిలో నిలబడ్డ చర్చి ప్రవక్తల ముందు నోరు విప్పాలి. నేలకు తాను చేసిన అపచారమేమిటో ఎవరికి వారు చెప్పుకోవాలి.

ఏటి ఒడ్డు దాకా దున్నేశానని ఒకరు ఒప్పుకుంటారు. పచ్చని చెట్టు కొట్టి, దాని బదులు ఇంకోటి నాటలేదని మరొకరు. గడ్డి అయిపోయినా అదే బీడులో పశువుల్ని మేపానని ఇంకొకరు. చక్రాల్లేని కర్రబండిని ఎడ్లతో ఈడ్పించానని చెప్పేవాళ్లూ ఉంటారు. మనకది తప్పుగా తోచదు కానీ, అది గీసుకుపోయిన చాళ్లే వానాకాలంలో గండ్లు పడి పొలాల మట్టిని ఏటిపాలు చేస్తాయి. ఇవేవీ ఒప్పుకోని మొండివాళ్లకు బల్లలో చెయ్యి వేసే అర్హత లేదు. నేలను పాడుచేసేవాడు అక్కడివాళ్ల దృష్టిలో ‘మురోయి’, అంటే చేతబడితో ప్రాణాలు తీసేవాడు. షోనా జాతివాళ్ల పల్లెల్లో ఒక మనిషి మీద పడగల అతి ఘోరమైన నిందల్లో అదొకటి.

జింబాబ్వేలో, గ్రేట్ జింబాబ్వే రాతి కట్టడాలున్న మసవింగో ప్రాంతపు పల్లెల్లో, 1990లలో ఇలాంటి ఆరాధనలు ఎన్నో జరిగాయి. ఆ క్రమాన్ని ఆధారం చేసుకుని అలాంటి ఒక రోజును కళ్లకు కట్టే ప్రయత్నం ఇది.

ఆ గుంపులోనే కాస్త ఎడంగా మరికొందరు కూర్చున్నారు. వాళ్లు బల్ల దగ్గరికి రారు. ఊరి పెద్దలు, పితరుల ఆత్మ పూనే స్త్రీలు, పురుషులు. తరతరాలుగా ఈ నేలకు కాపుదారులు పితరులేనని వాళ్ల నమ్మకం. ఎదురుగా అంగీలు తొడుక్కున్న ప్రవక్తల్లో చాలామందికి ఆ ఆత్మలు దయ్యాలతో సమానం. అలాంటివాళ్లు ఒకే మైదానంలోకి ఎలా వచ్చారు?

దానికి జవాబు యుద్ధంలో ఉంది. తెల్లవాళ్ల పాలనలో వచ్చిన 1930 నాటి భూ చట్టం దేశంలో సగం నేలను వాళ్లకే కట్టబెట్టింది. మంచి నేలలో పెద్ద భాగం అటే పోయింది. నల్లవాళ్లను వాళ్లకని కేటాయించిన రిజర్వుల్లోకి నెట్టేసింది. ఆ ఇరుకులోనే జనం పెరిగారు, పశువులు పెరిగాయి, చెట్లు తరిగాయి. స్వాతంత్ర్యం కోసం జరిగిన చిమురెంగా పోరాటంలో గెరిల్లాలకు దారి చూపినవాళ్లలో పితరులు పూనే వాళ్లున్నారు, ఆఫ్రికావాళ్లు సొంతంగా పెట్టుకున్న స్వతంత్ర చర్చిల ప్రవక్తలూ ఉన్నారు. 1980లో దేశం చేతికొచ్చింది. కానీ కొత్త పొలాల కోసం, వంటచెరకు కోసం, ఇటుకబట్టీల కోసం మిగిలిన అడవి కూడా పడిపోసాగింది. పోగొట్టుకున్న నేల కోసం నెత్తురు ధారపోసినవాళ్ల కళ్ల ముందే ఆ నేల బోడి అయింది.

మార్తినస్ డానీల్ మసవింగో దగ్గరి మోర్గెన్‌స్టర్ మిషన్‌లో పెరిగిన పండితుడు. యుద్ధకాలపు మతాచారాలను పరిశోధిస్తూ ఈ రెండు వర్గాలతోనూ ఏళ్ల తరబడి కూర్చున్నాడు. నేల కోసం ఒకసారి కలిసి పోరాడినవాళ్లు చెట్ల కోసం ఎందుకు పోరాడకూడదన్న ఆలోచన ఆ మాటల్లోంచే పుట్టింది. దానికి ‘చెట్ల యుద్ధం’ అని పేరు పెట్టుకున్నారు. 1988లో ఊరి పెద్దలు, పితరులు పూనేవాళ్లు, మాజీ పోరాటయోధులు కలిసి ‘ఆజ్‌ట్రెక్’ అనే సంఘం కట్టారు. పితృకర్మల్లో పాలుపంచుకోవడానికి క్రైస్తవులకు మనసొప్పదు. అందుకని 1991లో స్వతంత్ర చర్చిలు వేరే సంఘం పెట్టుకున్నాయి. రెండింటికీ వెన్నుదన్ను ‘జిర్‌కాన్’ అనే ఒకే సంస్థ.

నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఈ ఏర్పాటే. దేవుళ్లంతా ఒక్కటేనని వాళ్లెవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. తేడా ఉందని ఒప్పుకున్నారు, దానికి చోటిచ్చారు, ఆ తర్వాత గడ్డపారలు పట్టారు. పెద్దలు రాగులు పులియబెట్టిన మద్యం పోసి, నస్యం పెట్టి పితరులకు మొక్కల్ని అప్పగిస్తుంటే క్రైస్తవులు చూస్తూ నిలబడేవాళ్లు. బిషప్ ప్రార్థన చేస్తుంటే పెద్దలు మౌనంగా కూర్చునేవాళ్లు. గొడ్డలి వేటు పడకూడని పవిత్ర వనాలను షోనావాళ్లు ‘మరాంబతెమ్వా’ అంటారు. మన ఊళ్లలో అమ్మవారి తోపు లాంటివవి. ఆ వనాలకు మళ్లీ కాపలా పెట్టించడం పెద్దల వంతయింది. కొత్త తోటలు వేయడంలో చర్చిలు ముందు నిలిచాయి.

ఆ రోజు బల్ల ముగిశాక బిషప్ పవిత్రజలం చల్లుతూ కంచె వేసిన స్థలం చుట్టూ తిరిగాడు. ‘ప్రభువు ఎకరం’ అని దానికి పేరు. రొట్టె తిన్నవాళ్లు ఒక్కొక్కరే తమ మొక్కతో ఒక్క మాట మాట్లాడి గుంటలో నిలిపారు. దూరంగా కూర్చున్న పెద్దలు కూడా లేచి తమ మొక్కలు తెచ్చారు.

నాటడం ఒక్క రోజు పని. ఆ తర్వాతది మేకల్ని అదిలించడం, నీళ్లు మోయడం. అందులో ఎక్కువ భారం ఆడవాళ్లదే. 1991-92లో ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతాన్ని పీడించిన కరువులో మసవింగో పక్కనున్న పెద్ద జలాశయమే దాదాపు అడుగంటింది. చేతితో పోసే నీళ్ల మీద బతికే లేత మొక్కల గతి ఏమై ఉంటుందో వేరే చెప్పాలా? ఎన్నో ఎండిపోయాయి. అయినా తర్వాతి వానలకు మళ్లీ గుంటలు తీశారు. ఏళ్లు గడిచేసరికి నాటిన మొక్కలు లక్షల్లోకి చేరాయి. పండ్ల చెట్లు, కలపకూ పొయ్యిలోకీ పనికొచ్చే నీలగిరి, వాటితోపాటు అడవిలోంచి మాయమవుతున్న ముక్వా, ముకంబ లాంటి సొంత గడ్డ చెట్లూ ఉన్నాయి.

2000 తర్వాత భూముల గొడవలు, ఆర్థిక పతనం దేశాన్ని కుదిపేశాయి. విదేశీ విరాళాలు ఆగిపోయాయి, పని సన్నగిల్లింది. విరాళాల మీద నడిచే ఉద్యమానికి ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ అది నిజమవడం నాకు బాధగానే ఉంది. కానీ భిన్న విశ్వాసాలవాళ్లు కలిసి పనిచేయలేరనడానికి ఎవరైనా మసవింగోను ఉదాహరణగా చూపితే మాత్రం ఒప్పుకోను. కలిసి నాటారు, కరువులో మొక్కలు పోగొట్టుకున్నారు, మళ్లీ నాటారు. అదీ ఒక ఏడాదితో తీరిన ముచ్చట కాదు, పదేళ్లకు పైగా సాగిన పని.