మహాకవి ఇల్లాలి కట్నం

డాంటే అనగానే మనకు బియాట్రిస్ గుర్తుకొస్తుంది. ఆయన వలచి, కావ్యంలో దేవతను చేసి నిలబెట్టిన సుందరి. మరి కట్టుకున్న భార్య పేరు ఎంతమందికి తెలుసు? జెమ్మా డొనాటి. తన రచనల్లో ఎక్కడా ఆయన ఆమె ఊసెత్తలేదు. అయినా ఆ కవి కాలం ఎలాంటిదో తెలియాలంటే జెమ్మా కాపురంలోకి తొంగిచూడాలి.

వాళ్ళది ఇటలీలోని ఫ్లోరెన్స్. ఉన్నిబట్టల వర్తకంతో, వడ్డీ వ్యాపారంతో తులతూగే నగరం. 1252లో అక్కడ వేసిన బంగారు ఫ్లోరిన్ యూరప్‌లో నలుమూలలా చెల్లింది. ఏదో ఒక వృత్తిసంఘంలో పేరుంటేగాని పదవి దక్కదు. అందుకే మన కవిగారు వైద్యుల, మందుదినుసుల వర్తకుల సంఘంలో చేరారు. 1300లో రెండు నెలలపాటు నగరాన్నేలే ఆరుగురు పెద్దల్లో ఒకరయ్యారు.

అప్పటికే ఊరు తెల్లవాళ్ళూ, నల్లవాళ్ళూ అని రెండు ముఠాలైంది. డాంటే తెల్లవాళ్ళ పక్షం. నల్లవాళ్ళ నాయకుడు కోర్సో డొనాటి ఎవరనుకున్నారు? జెమ్మా పుట్టింటి వంశం వాడే! తగువు తీర్చాలని ఆ పెద్దలు రెండు పక్షాల ముఖ్యుల్నీ ఊరు దాటించారు. వారిలో డాంటే ప్రాణమిత్రుడూ ఉన్నాడు, డొనాటీలూ ఉన్నారు. పాపం, జెమ్మా ఎవరివైపు నిలబడాలి?

రోములో పోప్ ఎనిమిదో బోనిఫేస్‌కు మతపీఠం ఒక్కటే చాలలేదు, ఫ్లోరెన్స్ మీద పెత్తనం కూడా కావాలి. 1301 నవంబరులో ఆయన పంపిన ఫ్రెంచి రాజు తమ్ముడు సైన్యంతో వచ్చేసరికి రాజ్యం నల్లవాళ్ళదైంది. 1302 జనవరిలో డాంటే మీద లంచగొండి అని నింద వేసి, జరిమానాతో పాటు బహిష్కారం విధించారు. మార్చిలో, దొరికితే సజీవంగా దహనం చెయ్యమన్నారు. ఆయన ఊరుకున్నారా? 'డివైన్ కామెడీ'లో ఆ పోపుకు నరకంలో చోటు అట్టేపెట్టారు!

తాను జ్ఞానస్నానం పొందిన గుడిలోనే కవిగా కిరీటం పెట్టించుకోవాలని ఆయన ఆశ. అది తీరలేదు. 1321లో పరాయి ఊరు రావెన్నాలో కన్నుమూశారు. కూతురు ఆ ఊళ్ళోనే సన్యాసినుల్లో కలిసి బియాట్రిస్ అన్న పేరు పెట్టుకుంది. కన్నతల్లి మనసుకు ఎలా ఉండి ఉంటుందో!

మగడి ఆస్తి జప్తయింది. 1329లో, విధవరాలైన జెమ్మా, ఆ జప్తు ఆస్తిలోంచి తన కట్నం తాలూకు రాబడి ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. ఆ కట్నం 1277లో, పసివయసులోనే పెళ్ళి నిశ్చయమైనప్పుడు రాసుకున్నది.

2008లో ఫ్లోరెన్స్ నగరసభ డాంటే శిక్షను రద్దు చేసింది. సంతోషమే. కానీ ఇంటి యజమాని లేకుండా ఇన్నేళ్ళు పిల్లల్నీ ఇంటినీ ఈదుకొచ్చిన ఇల్లాలి గురించి మనకు మిగిలినవి ఇలాంటి నాలుగు కాగితాలే.