రెడ్ బాల్ దారిలో గేరు విద్య

1944 వేసవిలో మిత్రసేనలు నార్మండీ దాటి ముందునకు సాగినవి. ఫ్రాన్సు రైలుమార్గములు బాంబులచే శిథిలములై యున్నందున పెట్రోలు, మందుగుండు లారీలలోనే పోవలసివచ్చెను. ఆగస్టు 25న అమెరికా సేన ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ ప్రారంభించినది. డ్రైవర్లలో నూటికి 75 మంది నల్లజాతి సైనికులు. పలువురు అంతకుమున్ను లారీ తోలినవారు కారు.

జి.ఎం.సి. లారీ గేర్లు బలమునకు లొంగునవి కావు. క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, కాలు తీసి, దిగువ గేరైనచో ఇంజను వేగము పెంచి, మరల క్లచ్ నొక్కి గేరు వేయవలెను. మన పాత డ్రైవర్లెరిగిన ‘డబుల్ క్లచ్’ ఇదియే. పళ్లచక్రముల వేగములు కలియనిచో కరకరమనును. ఆ చప్పుడే గురువు. దీపములు కప్పిన రాత్రులలో, రోడ్డుమీదనే, వారిది నేర్చిరి. నవంబరు 16 నాటికి 4 లక్షల టన్నులకు పైగా సామగ్రి చేరవేసిరి. సేనలో వర్ణభేదమును తొలగించు ఆజ్ఞ మాత్రము 1948లో గాని వెలువడలేదు.