కట్టకు 50 ఆకులు

ఖమ్మం జిల్లాలోని మా తిరుమలాయపాలెం మైదానమే గానీ సుఖపడ్డ మైదానం కాదు. పాలేరు చెరువు దగ్గర్లోనే ఉన్నా, 2017లో భక్త రామదాసు ఎత్తిపోతల వచ్చేదాకా మావి వానను నమ్ముకున్న చెలకలే. ఎండాకాలం వస్తే పని దొరికేది కాదు. అందుకే కుర్రతనంలో భద్రాచలం వైపు తునికాకు కల్లాల్లో లెక్కలు రాసే పనికి పోయేవాణ్ని. మన్యం చరిత్ర అనగానే అందరూ తిరుగుబాట్ల దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఆకు గురించే చెప్పాలనిపిస్తుంది. చాలా కోయ ఇండ్లలో నాలుగు నోట్లు కండ్లజూసేది ఆ ఆకు కాలంలోనే.

ఎండలు ముదరకముందే తునికి కొమ్మలు కొడతారు. కొట్టినచోట చిగురేసి, ఏప్రిల్, మే నెలల్లో బీడీకి పనికొచ్చే లేత ఆకు వస్తుంది. కోడి కూయకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోయి, ఎండెక్కేసరికి మూటలతో తిరిగొచ్చేవాళ్లు. తర్వాత నీడన కూచుని ఆకు మీద ఆకు పేర్చి, కాడలన్నీ ఒక దిక్కుకు పెట్టి నారతో కట్టేవాళ్లు. కట్టకు 50 ఆకులు. 1000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా, అంటే 50,000 ఆకులు. పొద్దుగూకేవేళ కట్టలు కల్లంలో వరుసగా పరిస్తే, కల్లం చూసుకునే కల్లేదారు లెక్కబెట్టి చెప్పింది నేను కోసినవాళ్ల కార్డులో ఎక్కించేవాణ్ని. కొసరు పేరుతో కొన్ని కట్టలు లెక్కలోకి వచ్చేవి కావు, వాటికి కూలీ లేదు. అక్షరం రాని ఒక కోయ అవ్వ గులకరాళ్లు కొంగున ముడేసుకుని వచ్చేది, పది కట్టలకో రాయి. ఓనాడు అవి కల్లేదారు ముందు పోసి, "నావి నూటిరవై. నూరని రాయిస్తవేందయ్యా? ఇరవై కట్టలు ఎవలింటికి పొయినయ్?" అని అడిగింది. ఆ రోజు 120 కట్టలూ కార్డుకెక్కాయి.

ఈ లెక్కల తిరకాసు పాతది. 1940లలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ పాల్వంచ తాలూకాలో తిరిగి, కొండరెడ్లు వెదురు కాంట్రాక్టర్ల అప్పుల్లో ఎట్లా చిక్కుకుపోయారో రాశాడు. అప్పుడు గోదావరికి ఈ ఒడ్డున నిజాం, ఆ ఒడ్డున ఇంగ్లీషు సర్కారు. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. పాలకులు మారినా లెక్కపుస్తకం మాత్రం అడవిబిడ్డ చేతికి రాలేదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ తేనె, బంక కొని కొంత ఆదుకుంది. 1971 చట్టంతో తునికాకు వ్యాపారం సర్కారు చేతికొచ్చింది గానీ, కల్లంలో పెత్తనం కాంట్రాక్టరుదే.

ఆకు రేటు కదిలింది 1980లలో. విప్లవ పార్టీల వెనుక నిలబడి ఊళ్లకు ఊళ్లే ఆకు కోసేది లేదని భీష్మించాయి. కట్టకు పైసల్లో ఇచ్చే రోజులవి. చిగురు ఎవరికోసమూ ఆగదు, ముదిరితే బీడీ చుట్టేటప్పుడు చిట్లిపోతుంది. కాంట్రాక్టరు దిగిరాక తప్పేది కాదు. పస్తులుండి ఆ రేటు తెచ్చుకున్నవాళ్లకు రావాల్సినంత పేరు మన చరిత్ర పుస్తకాల్లో రాలేదు.

2006 అటవీ హక్కుల చట్టం తునికాకును పేరుపెట్టి మరీ గిరిజనుల సొత్తంది. అంతకుముందే షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం వచ్చిన 1996 పెసా చట్టమూ చిన్నతరహా అటవీ ఫలాల మీద హక్కు గ్రామసభదేనంది. కానీ గ్రామసభ తన ఆకు తాను అమ్ముకోవాలంటే గోదాము కావాలి, పెట్టుబడి కావాలి, లెక్క రాయగల సొంత పిల్లలు కావాలి. వడగళ్లు పడి ఆకుకు చిల్లులుపడితే ఆ నష్టం ఈనాటికీ కోసినవాళ్లదే.