కుంగుబాటు వైద్యంలో మెదడు చిత్రాలు

ఎముక విరిగితే ఎక్స్‌రే తీస్తారు. గుండెలో నొప్పి వస్తే ఇ.సి.జి. తీస్తారు. మరి మనసు కుంగిపోతే ఏ పరీక్ష చేయాలి? డిప్రెషన్ అని మనం పిలిచే ఈ కుంగుబాటును యంత్రంతో పట్టుకునే ప్రయత్నాల చరిత్రను ఈ పాఠంలో చూద్దాం.

1971లో లండన్‌లోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కానర్ తొలిసారి ఒక రోగి మెదడును చిత్రించింది. పుర్రె తెరవకుండానే లోపలి కణితిని చూడగలిగారు. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కు, అలన్ కార్మాక్‌కు నోబెల్ బహుమతి లభించింది. అయితే సి.టి. చూపేది మెదడు నిర్మాణాన్నే. మెదడు పనితీరును చూడడానికి పెట్ స్కాన్ వచ్చింది. ఏ భాగం ఎంత గ్లూకోజు వాడుకుంటోందో అది చెబుతుంది. 1990లో సీజీ ఒగావా బృందం రక్తంలోని ఆక్సిజన్ మార్పులను ఎం.ఆర్.ఐ.తో గుర్తించవచ్చని నిరూపించి, ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.కి పునాది వేసింది.

కుంగుబాటు రోగుల మెదడులో 25వ ప్రాంతమనే భాగం అతిగా పనిచేస్తున్నట్లు హెలెన్ మేబర్గ్ పరిశోధనలు సూచించాయి. ఏ మందుకూ లొంగని ఆరుగురు రోగులకు టొరంటోలో ఆ భాగంలో ఎలక్ట్రోడ్లు అమర్చారు. ఆరు నెలల తరువాత నలుగురిలో మెరుగుదల నిలిచిందని 2005లో ప్రకటించారు. ఆశలు పెరిగాయి. కాని 90 మందిపై జరిపిన పెద్ద పరీక్షలో, ఆరు నెలలకు, నిజమైన విద్యుత్ ప్రేరణకూ ఉత్తుత్తి ప్రేరణకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

రోగ నిర్ధారణలోనూ ఒక చిక్కు ఉంది. రెండు తరగతుల సగటు ఎత్తులో ఒక అంగుళం తేడా ఉందనుకుందాం. ఎత్తు మాత్రమే చూసి ఒక విద్యార్థి ఏ తరగతివాడో చెప్పగలమా? స్కాన్లలో కనిపించిన తేడాలు కూడా ఇటువంటి సగటు తేడాలే. ఇలాంటి సంబంధాలను నమ్మకంగా తేల్చాలంటే వేలాదిమందిని పరీక్షించాలని 2022లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది.

అయితే స్కాన్ వృథా కాదు. కుంగుబాటులా కనిపించే లక్షణాల వెనుక కణితి, పక్షవాతం వంటివి ఉన్నాయేమోనని అనుమానం వస్తే వైద్యులు స్కాన్ తీయిస్తారు. అయస్కాంత ప్రేరణను మెదడులో ఎక్కడ ఇవ్వాలో ఎం.ఆర్.ఐ. ద్వారా నిర్ణయించే ఒక చికిత్సకు 2022లో అమెరికా అనుమతినిచ్చింది.

నేటికీ కుంగుబాటును గుర్తించేది ప్రధానంగా సంభాషణే. నిద్ర, ఆకలి, ఆసక్తి, నిరాశ, చావు ఆలోచనల గురించి వైద్యుడు ఓపికగా అడిగి తెలుసుకుంటాడు. కనుక “స్కాన్ బాగానే ఉంది, నీకేమీ లేదు” అని ఎవరితోనూ అనకండి. చిత్రంలో కనిపించనంత మాత్రాన బాధ అబద్ధం కాదు. అటువంటివారిని వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.