హక్కు ఎవరి మాట?

2005లో పార్లమెంటు ఆమోదించిన చట్టం హిందీలో ‘సూచనా కా అధికార్’ అయింది. తెలుగులో సమాచార హక్కు అయింది. ఇక్కడ ‘సమాచార అధికారం’ అని ఉంటే, అదేదో ప్రభుత్వ శాఖ పెత్తనమని జనం అనుకునేవారు. సంస్కృతం నుంచి వచ్చిన ‘అధికారం’ తెలుగులో పాలకుల పక్షాన స్థిరపడింది. పాలితులకు దక్కింది అరబ్బీ మాట.

ఆ మాటకు ధాతువు హ-క-క. హల్లులు స్థిరంగా ఉంటాయి; అచ్చులూ ఉపసర్గలూ మారుతూ కొత్త పదాలు పుడతాయి. ‘హక్’ అంటే సత్యం. న్యాయంగా రావలసినది కూడా. ‘హకీకత్’ వాస్తవం, ‘తహ్‌కీక్’ నిజాన్ని తేల్చే విచారణ, ‘ముస్తహిక్’ అర్హుడు. బహువచనమైన ‘హుకూక్’ అరబ్ విశ్వవిద్యాలయాల్లో న్యాయశాస్త్ర విభాగానికే పేరు. హీబ్రూలో దీని సోదర ధాతువుకు చెక్కడమని అర్థం. అందులోంచి వచ్చిన ‘హోక్’ అంటే చట్టం. ‘అల్ హక్’ దైవనామం కూడా. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరు ‘అనల్ హక్’, అంటే ‘నేనే సత్యం’ అన్న మాటతో ముడిపడి నిలిచింది.

హుకుం, హాకిం, హుకూమత్ ఈ ధాతువుకు చెందవు. వాటిది హ-క-మ, అందులోని ‘క’ అరబ్బీలో వేరే అక్షరం. తెలుగు లిపిలో ఆ తేడా కనిపించదు గానీ, ఆజ్ఞాపించేవారి మాటలన్నీ అటువైపే ఉన్నాయి.

అయితే హక్కు మొదటినుంచీ సామాన్యుడిది కాదు. పారశీక భాషలో నడిచిన రెవెన్యూ దస్త్రాల ద్వారా అది దక్కన్‌కు వచ్చింది. అక్కడ హక్కంటే దేశముఖులకూ గ్రామాధికారులకూ పంటలోంచి వంశపారంపర్యంగా రావలసిన వాటా. హక్కుదారు తీసుకునేవాడు, రైతు ఇచ్చేవాడు. సత్యమనే అర్థం దస్త్రాల్లో ఎక్కడో రాలిపోయింది.

ఆ మాట చేతులు మారింది ఇరవయ్యో శతాబ్దపు రాజకీయాల్లోనే. 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానం చేసింది. రాజ్యాంగం మూడో భాగం వాటికి చట్టరూపమిచ్చింది. తెలుగు, కన్నడ, మరాఠీ, గుజరాతీ ‘హక్కు’నే నిలుపుకున్నాయి. తమిళం ‘ఉరిమై’ అంది, మలయాళం ‘అవకాశం’ అంది. హిందీ రాజ్యాంగ ప్రతిలో ‘అధికార్’ చేరింది; ఉత్తరాది సభల్లో మాత్రం జనం ఇప్పటికీ ‘హక్’ అనే అడుగుతారు.

కొత్త హక్కును ముందుగా వాడుకున్నవారిలో పాత హక్కుదారులూ ఉన్నారు. ప్రాథమిక హక్కుల పేరుతో జమీందార్లు కోర్టుకెక్కగా, 1951లో పట్నా హైకోర్టు బిహార్ భూసంస్కరణ చట్టాన్ని కొట్టివేసింది. కొన్ని నెలల్లోనే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును మూడో భాగం నుంచే తొలగించి, 300ఎ అధికరణం కిందికి పంపింది.