షెడ్యూలులో లేని డ్రాయింగు మాస్టారు

2009 నాటి విద్యాహక్కు చట్టానికి చివర ఒక షెడ్యూలు ఉంది. చట్టాల గురించి గొంతు చించుకునే మనలో షెడ్యూళ్ల దాకా చదివేవారు అరుదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, వందమందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్య నేర్పడానికి పార్ట్‌టైం బోధకుడు ఉండాలని అందులో రాశారు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు మాత్రం ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఉపాధ్యాయులన్న లెక్క తప్ప, బొమ్మలు నేర్పేవారి ప్రస్తావన లేదు. పిల్లల సర్వతోముఖ వికాసమే పాఠ్యప్రణాళిక ధ్యేయమని చెప్పేదీ ఆ చట్టమే. సుద్దముక్క దొరికితే గోడంతా గీసే వయసు పిల్లల చేతుల గురించి రాజ్యం మౌనం వహించింది.

ఇదంతా నిర్లక్ష్యమేనని చాలామంది సరిపెట్టుకుంటారు. నేను ఒప్పుకోలేను. దీని వెనుక నూట డెబ్బై ఏళ్ల తగవు ఉంది. ఆ తగవు ఎన్నడూ బొమ్మల గురించి కాదు. ఈ దేశంలో చేతిపని ఎవరిది, ఎవరి పిల్లలు చేయాలి అన్నదాని గురించి.

మద్రాసులో 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు సొంత పూనికతో ఒక చిత్రకళా పాఠశాల తెరిచాడు. కొన్నేళ్లకు అది ప్రభుత్వపరమైంది. 1851 లండన్ మహాప్రదర్శనలో మన నేతను, లోహపు పనిని చూసి ఇంగ్లండు పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. యంత్రాలు మనవి, సొగసు వారిదా అన్నది వారి బాధ. ఆ బాధకు మందుగా హెన్రీ కోల్, రిచర్డ్ రెడ్‌గ్రేవ్‌లు తీర్చిదిద్దిన శిక్షణక్రమం సౌత్ కెన్సింగ్టన్ పద్ధతిగా పేరుపడింది. ముందు సరళరేఖ, ఆపైన వక్రరేఖ, జ్యామితి, అలంకార నమూనాలకు నకళ్లు, ప్లాస్టరు బొమ్మలకు నకళ్లు. మెట్టు తరువాత మెట్టు, ఇరవైకి పైగా మెట్లు. కర్మాగారానికి కావలసింది నదురూ బెదురూ లేకుండా గీత గీసే చేయి. ఊహతో దానికి పని లేదు.

విచిత్రమేమిటంటే, ఏ చేతులను చూసి నివ్వెరపోయారో ఆ చేతులకే ఈ క్రమాన్ని తెచ్చి నేర్పారు. అది ఇంకా పోలేదు. మహారాష్ట్రలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు పరీక్షలు నేటికీ జరుగుతున్నాయి. మన రెండు రాష్ట్రాలలో డ్రాయింగు మాస్టారు కావాలంటే లోయరు, హయ్యరు గ్రేడుల మెట్లు ఎక్కాలి. పీరియడు మొదలుకాగానే నల్లబల్ల మీద కూజా బొమ్మ వేసి, చూసి దించమనే మాస్టారిని తప్పుపట్టి లాభం లేదు. ఆయన చేత అంతకు ముందు అలాగే దింపించారు.

దీనికి తొలి గట్టి జవాబు బెంగాల్ నుంచి వచ్చింది. టాగూరు 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టాడు. 1919లో కళాభవన్ ఏర్పడింది. కళాభవన్ చిత్రకారుల గురించి పుస్తకాలు చాలానే వచ్చాయి. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది 1930లో వెలువడిన 'సహజ్ పాఠ్' అనే పలకా బలపం ఈడు పిల్లల వాచకం. దానికి బొమ్మలు చెక్కింది నందలాల్ బోసు. దేశంలోని అగ్రశ్రేణి చిత్రకారుడు అక్షరాలు దిద్దుకునే పిల్లల కోసం నలుపు తెలుపుల్లో లినోకట్లు చేశాడు. పిల్లలకు చిత్రకళ నేర్పడం వారి చేత గీయించడంతోనే మొదలుకాదని, ముందు వారి కంటికి మంచి బొమ్మ చూపాలని ఆ వాచకాన్ని చూస్తే తెలుస్తుంది. మన రాష్ట్రాల వాచకాల్లో బొమ్మలు వేసేవారి పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

రెండో జవాబు వార్ధా నుంచి వచ్చింది. 1937 అక్టోబరులో గాంధీజీ అక్కడ విద్యాసదస్సు జరిపించాడు. ఆ డిసెంబరులోనే జాకిర్ హుస్సేన్ కమిటీ నివేదిక ఇచ్చింది. అందులోని దినచర్య పట్టిక చూడండి. బడి మొత్తం అయిదున్నర గంటలు. చేతిపనికి మూడు గంటల ఇరవై నిమిషాలు. మాతృభాషకు నలభై నిమిషాలు. సంగీతం, డ్రాయింగు, గణితం మూడింటికీ కలిపి నలభై నిమిషాలు! రాట్నం ముందు కుంచె ఎంత చిన్నబోయిందో ఈ పట్టికే చెబుతుంది. అయితే గాంధీజీకి చిత్రకళ గిట్టదనడం సరికాదు. 1938 ఫిబ్రవరి హరిపుర కాంగ్రెసుకు నందలాల్‌ను పిలిపించి పల్లె పనివారి బొమ్మలు వేయించింది ఆయనే. 1944లో కళాభవన్ విద్యార్థి దేవీప్రసాద్ సేవాగ్రామ్ చేరి, పిల్లలకు స్వేచ్ఛాచిత్రణనూ కుండల పనినీ ఒకే బడిలో నేర్పాడు. ఆ రెండు ధారలు కలిసిన అరుదైన చోటు అది. దేశం దాన్ని అనుసరించి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

అనుసరించకపోవడానికి కారణం ఒక్కటే కాదు గానీ, దక్షిణాదిలో మాత్రం ఒక పెద్ద కారణం ఉంది. 1953లో, ఆంధ్రరాష్ట్రం ఏర్పడటానికి కొద్ది నెలల ముందు, ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ కొత్త ప్రాథమిక విద్యాపథకం తెచ్చాడు. పల్లె పిల్లలకు బడి రోజుకు మూడు గంటలే. మిగిలిన పొద్దు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. బళ్లు తక్కువ, పిల్లలు ఎక్కువ, రెండు పూటలు నడిపితే అందరికీ చోటు దొరుకుతుందని ఆయన లెక్క. పెరియార్, డీఎంకే దానికి 'కులక్కల్వి' అని పేరు పెట్టారు, కులవిద్య అని. మంగలి కొడుకు మంగలిగా, చాకలి కూతురు చాకలిగా మిగలడానికి బడి దేనికని అడిగారు. 1954లో రాజాజీ పదవి వదిలాడు. కామరాజ్ వస్తూనే పథకాన్ని రద్దు చేశాడు.

వ్యతిరేకించినవారిదే న్యాయం. బ్రాహ్మణ బాలుడు కుమ్మరి సారె దగ్గర కూర్చుంటే అది విద్య. కుమ్మరి బాలుడిని మళ్లీ అదే సారె దగ్గరికి పంపితే అది శిక్ష. వార్ధా పథకం మొదటిదాన్ని ఆశించింది, మద్రాసు పథకం రెండోదాన్ని శాసించింది. కానీ ఆ కోపంలో చేతిపని అంటేనే చిన్నచూపు అన్న భావం గట్టిపడిపోయింది. అక్షరం విముక్తి, చేయి బానిసత్వం. తమ పిల్లలు బడిలో మట్టి పిసుకుతున్నారని తెలిస్తే అణగారిన కులాల తల్లిదండ్రులకు ఈనాటికీ కడుపు మండుతుంది. మండాలి కూడా. ఎందుకంటే పక్క వీధి ప్రైవేటు బడిలో అదే మట్టిపనికి 'యాక్టివిటీ' అని పేరు పెట్టి ఫీజు వసూలు చేస్తారు.

ఆ తరువాతి కథ చప్పగా సాగింది. కొఠారీ కమిషన్ పని అనుభవం అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సామాజికోపయోగ ఉత్పాదక కార్యం అంది. ఆ పీరియడును లెక్కల మాస్టారు అరువు తీసుకోవడం ఎంత మామూలో మీకూ తెలుసు.

డిజైన్ మాటేమిటి? దానికి మాత్రం రాజ్యం ఉదారంగా ఉంది, అయితే పైఅంతస్తులో. ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మన ఇత్తడి చెంబును వేనోళ్ల పొగిడారు. ఒక్కరు గీసినది కాదది. తరాలు తరాలుగా ఎందరో చేతులు తీర్చిన రూపం అన్నారు. ఆ నివేదిక దారిలోనే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటిది ఉంది. చెంబును చూడటం ఎలాగో ఇరవయ్యేళ్లవాడికి ప్రవేశపరీక్ష పెట్టి నేర్పుతున్నాం. ఆ చెంబుతో నీళ్లు తాగుతూ పెరిగిన ఆరేళ్ల పిల్లను దాని అంచు ఎందుకలా వంగిందో చూడమని ఎవరూ అడగలేదు.

2020 జాతీయ విద్యావిధానం కళలను అన్ని పాఠాలతో కలపాలంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి 'బాఁసురీ' అనే కళల పుస్తకం తెచ్చింది. బొమ్మలు, పాట, ఆట, నాటకం అన్నీ అందులో ఉన్నాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలో దాన్ని తెరవవలసిన మాస్టారే హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, మిగిలిన నాలుగు తరగతులనూ చూసుకోవాలి. షెడ్యూలులో ఒకటి నుంచి అయిదు తరగతులకు కేటాయించిన గడిలో కళాబోధకుడి మాట ఇంకా చేరలేదు.